తీరం దాటింది కళింగపట్నంలో... మునిగింది బెజవాడ!

మీ ఫోన్‌లో గ్యాలరీ తెరవండి. 2024 సెప్టెంబరు 1, 2 తేదీలకు స్క్రోల్ చేయండి. బెజవాడ వాళ్లయితే అక్కడ ఏముంటాయో నేను చెప్పక్కర్లేదు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పడవలు. మేడల మీద జనం. డ్రోన్లు మోసుకొచ్చిన అన్నం పొట్లాలు. ప్రకాశం బ్యారేజీ గేట్లకి కొట్టుకొచ్చి గుద్దుకున్న పడవలు.

ఇప్పుడు ఇంకో నాలుగు రోజులు వెనక్కి వెళ్లండి. ఆగస్టు 28, 29. ఆ రోజుల్లో గ్రూపుల్లో తెగ తిరిగిన వీడియోలు గుర్తున్నాయా? గుజరాత్‌లో వడోదర మునిగింది. విశ్వామిత్రి నది పొంగి మొసళ్లు ఇళ్ల మధ్యకి వచ్చేశాయి. దేశమంతా ఆ వీడియోలు చూసి నోరెళ్లబెట్టింది. ఎక్కడి వడోదర, ఎక్కడి విజయవాడ అనుకున్నాం. మొసళ్ల మీద మీమ్స్ వేసుకుని పడుకున్నాం.

ఈ వారం నేను మాట్లాడాలనుకున్నది ఆ నాలుగు రోజుల గురించే. వాన పడ్డాక ఏం జరిగిందన్నది అందరికీ తెలుసు. పడకముందు ఆకాశం ఏం చెప్పింది? చెబితే మనలాంటి మామూలోళ్లకి అర్థమయ్యేలా చెప్పిందా? ఫోన్ పట్టుకుని కూర్చున్న మనం దాన్ని చదవగలమా?

ఆ వారం వాతావరణం తిన్నగా లేదు

వడోదరని ముంచింది తీవ్ర వాయుగుండం. మామూలుగా వాయుగుండం నేల మీదకి వస్తే నీరసపడిపోతుంది. దానికి తిండి సముద్రపు తేమ. నేల మీద ఆ తిండి దొరకదు. కానీ ఇది నేల మీదే బలంగా నిలబడింది. అప్పటికే వానలకి తడిసి ముద్దయిన నేల కూడా కొంత తేమ అందిస్తుందని, ఇలాంటప్పుడు అది సముద్రంలాగే పనిచేస్తుందని శాస్త్రవేత్తలు చెబుతారు. అది అలా గుజరాత్ దాటి, ఆగస్టు 30న అరేబియా సముద్రంలోకి దిగి తుఫానైంది. పేరు 'అస్నా'.

ఆగస్టులో అరేబియా సముద్రంలో తుఫాను! 1976 తర్వాత అదే మొదటిసారి. 1891 నుంచి రికార్డులు తిరగేస్తే అంతకుముందు అలా జరిగింది మూడేసార్లు: 1944, 1964, 1976. నైరుతి రుతుపవనాలు బలంగా వీచే నెలలో తుఫానుకి కావలసిన పరిస్థితి సాధారణంగా కుదరదు. అందుకే అది అంత అరుదు.

సరిగ్గా అదే సమయానికి ఇటు బంగాళాఖాతంలో ఇంకో అల్పపీడనం తయారవుతోంది. ఆగస్టులో మన వైపు అల్పపీడనాలు ఎక్కువగా ఉత్తర బంగాళాఖాతంలో, ఒడిశా-బెంగాల్ తీరాల దగ్గర పుడతాయి. అట్నుంచి ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ మీదుగా వెళ్లిపోతాయి. మనకి నాలుగు జల్లులు పడి ఊరుకుంటాయి. ఇది మాత్రం కిందకి, పశ్చిమ మధ్య బంగాళాఖాతంలో, అంటే మన ఆంధ్రా తీరానికి ఎదురుగా బలపడింది. ఆగస్టు 31కి వాయుగుండమైంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. అస్నా వల్ల బుడమేరు పొంగిందని నేను అనడం లేదు. అలా అంటే అబద్ధం. నేను అనేది ఒక్కటే. ఒక వారంలో రెండు సముద్రాల్లో రెండు వ్యవస్థలు తమ మామూలు దారి, మామూలు నెల తప్పి తిరుగుతున్నాయంటే, గాలిలో తేమ విపరీతంగా ఉందనీ, ఆ వారం మామూలు లెక్కలు పనిచేయవనీ అర్థం. ఇంట్లో ఒక స్విచ్ నొక్కితే ఇంకో గదిలో లైటు వెలిగితే ఏం చేస్తాం? మొత్తం వైరింగే ఒకసారి చూడాలి అనుకుంటాం కదా. ఇదీ అంతే.

'కళింగపట్నంలో దాటితే మనకేంటి?'

వన్‌టౌన్‌లో మా వీధి చివర కిరాణా కొట్టు బాబాయ్ ఒకాయన ఉన్నాడు. టీవీలో తుఫాను వార్త వస్తే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎక్కడ దాటుద్దంట?" మచిలీపట్నం అంటే బస్తాలు పైకెత్తిస్తాడు. కళింగపట్నం అంటే "అబ్బే, శ్రీకాకుళం అవతల. మనకేంటి?" అని టీ తెప్పించుకుంటాడు. బాబాయ్ ఒక్కడే కాదు, మనలో నూటికి తొంభై మంది లెక్క ఇదే.

ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. 2024 వాయుగుండం ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది. అక్కణ్నుంచి విజయవాడ గీత గీసినట్టు కొలిచినా 400 కిలోమీటర్లకు పైనే. అయినా మన దగ్గర 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటి కురిసింది.

కారణం ఉంది. మన దేశంలో వాయుగుండాలు గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతాయి. రుతుపవనాల కాలంలో వచ్చే వాయుగుండానికి అతి భారీ వానలు ఎక్కువగా దాని కేంద్రంలో పడవు. కేంద్రానికి నైరుతి వైపు, అంటే ఎడమ కింది భాగంలో పడతాయి. కళింగపట్నం మీద వేలు పెట్టి మ్యాపులో కిందకి ఎడమకి జరగండి. ఎక్కడికొచ్చారు? కృష్ణా, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాలు. ఇంకొంచెం ఎడమకి వెళ్తే ఖమ్మం.

ఇంకోటి. మన దగ్గర కుండపోత మొదలైంది వాయుగుండం తీరం దాటాక కాదు, దాటకముందే. శుక్రవారం రాత్రి నుంచి శనివారమంతా దంచేసింది. శనివారం పొద్దున్నే మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. అప్పటికి వాయుగుండం ఇంకా సముద్రంలోనే ఉంది! 'తీరం దాటే టైమ్' కోసం ఎదురు చూసినవాళ్లకి మిగిలిన టైమ్ సున్నా.

కొండ అంచున, కొండ మీద ఇళ్లున్న వన్‌టౌన్ వాళ్లకి ఇది చాలా ముఖ్యం. మనకి నీళ్లు ఒక భయం, రాయి ఇంకో భయం. రెండూ ఒకే వానలో ఉంటాయి.

వాన ఆగాకే వరద వచ్చింది

కొంచెం లెక్కలు వేద్దాం, భయపడకండి. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. 20 సెంటీమీటర్లు పడితే 20 కోట్ల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 40 వేలు. అదీ ఒక్క చదరపు కిలోమీటరుకి. బుడమేరుకి నీళ్లు పోసే నేల వందల చదరపు కిలోమీటర్లు.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో మొదలై, బెజవాడ పక్కనుంచి వెళ్లి కొల్లేటిలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు చూస్తే ఇది వాగా, మురుగు కాలువా అని అనుమానం వస్తుంది. పాతవాళ్లు దీన్ని బెజవాడ దుఃఖదాయిని అన్నది ఊరికే కాదు. వరద వస్తే నగరంలోకి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కణ్నుంచి డైవర్షన్ ఛానల్ ద్వారా ఇబ్రహీంపట్నం వైపు తీసుకెళ్లి కృష్ణలో కలుపుతారు. ప్లాన్ బాగుంది. అయితే ఆ ప్లాన్‌కి ఒక షరతుంది: కృష్ణలో ఖాళీ ఉండాలి.

ఆ రోజు కృష్ణలో ఖాళీ లేదు. ఆగస్టులోనే శ్రీశైలం, నాగార్జునసాగర్ నిండుకుండలయ్యాయి. దానికి తోడు పులిచింతల కింద మున్నేరు, పాలేరు, వైరా, కట్టలేరు ఒక్కసారిగా పొంగాయి. ఖమ్మంలో మున్నేరు కాలనీల్ని ముంచింది. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. ఆ నీళ్లన్నీ వచ్చి చేరేది మన బ్యారేజీకే. మున్నేరు వాగులు పులిచింతల దాటాక కలుస్తాయి. కాబట్టి పైన ఎంత పెద్ద డ్యామ్ ఉన్నా వాటిని ఆపలేదు.

సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం సుమారు 11.4 లక్షల క్యూసెక్కులు. బ్యారేజీ చరిత్రలో అదే రికార్డు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకి 28 లీటర్ల పైచిలుకు. మన ఇళ్లకి వచ్చే 20 లీటర్ల వాటర్ టిన్నుల్లో చెప్పుకుంటే, ప్రతి సెకనుకీ 16 లక్షల టిన్నులు!

కృష్ణ అలా నిండి ఉంటే బుడమేరు నీళ్లు ఎక్కడికి పోతాయి? వెనక్కి తంతాయి. డైవర్షన్ ఛానల్ ఎడమ కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆదివారం పొద్దున్న సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, కండ్రిక, పాయకాపురం, ఇటు మా వైపు చిట్టినగర్, పాల ప్రాజెక్టు... ఒకదాని తర్వాత ఒకటి. ఆ గండ్లు పూర్తిగా పూడ్చేసరికి సెప్టెంబరు 7, వినాయక చవితి వచ్చేసింది. నగరంలో వరద బారిన పడ్డవాళ్లు రెండున్నర లక్షల పైమాటే.

ఇందులో గుండె కలుక్కుమనే విషయం ఏంటంటే, నీళ్లు ఇళ్లలోకి వచ్చేసరికి వాన జోరు తగ్గింది. 'హమ్మయ్య, తగ్గింది' అని ఊపిరి పీల్చుకున్న గంటల్లోనే గుమ్మం దగ్గర నీళ్లు. వాన ఆగడమంటే ప్రమాదం తప్పడం కాదు. మన మీద వాన ఆగినా, మైలవరంలో పడిన వాన ఇంకా దారిలోనే ఉంది.

2009 చెప్పిన ఇంకో పాఠం

ఇది మొదటిసారి కూడా కాదు. 2009 గుర్తున్న అన్నయ్యల్ని, అక్కల్ని అడగండి. ఆ ఏడాది దేశమంతా కరువు. రుతుపవనాల వాన సుమారు 22 శాతం లోటు. సెప్టెంబరు నెలాఖరుకి ఇంక వానల కథ అయిపోయింది అనుకున్నారు. రుతుపవనాలు వెనక్కి మళ్లే సమయంలో బంగాళాఖాతం నుంచి ఒక వ్యవస్థ వచ్చి రాయలసీమ, కర్ణాటక మీద తిష్ట వేసింది. అక్టోబరు 2న కర్నూలు మునిగింది. మంత్రాలయం మునిగింది. శ్రీశైలం డ్యామ్ 19 లక్షల క్యూసెక్కుల వరదని తట్టుకునేలా కట్టింది. వచ్చింది దాదాపు 25 లక్షలు. పూర్తి నీటిమట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాకా ఎక్కాయి. డ్యామ్ నిలబడింది కాబట్టి మనం ఇవాళ దాని గురించి ఇలా మాట్లాడుకుంటున్నాం. ఆ వరద మన బ్యారేజీకి దిగేసరికి దాదాపు 11 లక్షల క్యూసెక్కులు.

2009లో కరువు ఏడాది చివర వరద. 2024లో వానాకాలం మధ్యలో, నిండు జలాశయాల మీద వరద. రెండిట్లో ఉమ్మడిగా ఉన్నది ఒకటే. వ్యవస్థ తన మామూలు చోటు, మామూలు సమయం, మామూలు వేగం... వీటిలో ఏదో ఒకటి తప్పింది.

చూడాల్సిన ఐదు గుర్తులు

వాతావరణ శాఖ పని మనం చేయలేం, చేయకూడదు కూడా. వాళ్లు చెప్పింది మనకి ఎంత వర్తిస్తుందో తెలుసుకోడానికి మాత్రం ఈ ఐదు ప్రశ్నలు చాలు. నేను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్న లిస్టు ఇదే.

ఒకటి, ఇది మామూలు చోట, మామూలు నెలలో వచ్చిందా? 'ఇన్నేళ్ల తర్వాత ఇదే మొదటిసారి' అనే మాట వార్తలో కనిపిస్తే ఆసక్తిగా చదివి వదిలేయకండి. ఆ వారమంతా ఒక కన్నేసి ఉంచండి.

రెండు, కదులుతోందా, కూర్చుందా? గంటకి 25 కిలోమీటర్లతో పరిగెత్తేది గాలితో భయపెట్టి పోతుంది. నత్తలా నడిచేది నీళ్లతో ముంచుతుంది. బులెటిన్‌లో 'నెమ్మదిగా కదులుతోంది', 'దాదాపు స్థిరంగా ఉంది' అని వస్తే అదే అసలు వార్త. పేరున్న తుఫానా, పేరులేని వాయుగుండమా అన్నది తర్వాత సంగతి. బెజవాడని 2024లో ముంచింది పేరు కూడా లేని వాయుగుండమే.

మూడు, మనం దానికి ఏ పక్కన ఉన్నాం? రుతుపవనాల కాలంలో ఎడమ కింది భాగం మనదైతే జాగ్రత్త.

నాలుగు, కింద ఖాళీ ఉందా? నేల తడిగా ఉందా, జలాశయాలు నిండాయా, కృష్ణ ఏ మట్టంలో ఉంది? బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకి రెండోది. మొదటి హెచ్చరిక ఎగిరి ఉండగా అతి భారీ వాన సూచన వచ్చిందంటే ఆ రెండూ వేర్వేరు వార్తలు కావు, ఒకటే వార్త.

ఐదు, పైన ఎంత పడింది? మన వీధిలో కాదు. మైలవరంలో, నందిగామలో, మధిరలో, ఖమ్మంలో. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. అది తెలంగాణ రికార్డు. అదే సమయంలో మన దగ్గర నందిగామ పక్కన ఐతవరం దగ్గర మున్నేరు హైదరాబాద్ హైవే ఎక్కేసింది. మన ఆకాశం కంటే మన పైవాళ్ల ఆకాశమే మన వరద.

ఐదిట్లో మూడు 'అవును' అయితే బ్యాగు సర్దుకోవాలా? కాదు. అయిదూ కలిసినా ఒక్కోసారి ఏమీ జరగదు, వాన పక్క జిల్లాకి పోతుంది. అప్పుడు 'ఊరికే భయపెట్టారు' అని తిట్టుకోకండి. హెల్మెట్ పెట్టుకున్న రోజు యాక్సిడెంట్ కాలేదని హెల్మెట్‌ని తిట్టం కదా.

పుబ్బ, మఖ, తూనీగ

ఈ టాపిక్ ఎత్తగానే ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటలుంటాయి. చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి, తూనీగలు కిందకి ఎగురుతున్నాయి, గాలి తిరిగింది. నేను వీటిని చూసి నవ్వను. మఖ కార్తె పోయి పుబ్బ వచ్చే రోజులివి అని పంచాంగం చూసి చెప్పే తాతలకి ఈ కాలంలో వానలెలా ఉంటాయో కొన్ని తరాల లెక్క తెలుసు. 2024 వరద వచ్చింది కూడా సరిగ్గా ఆ మఖ-పుబ్బల సందులోనే.

పైగా 'గాలి తిరిగింది' అన్నది పక్కా సైన్స్. మేడ మీదకెళ్లి గాలికి వీపు పెట్టి నిలబడండి. అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. పడమటి గాలి వీస్తోందంటే అది మనకి ఉత్తరాన ఉంది. తూర్పు గాలి తిరిగిందంటే దక్షిణాన ఉంది. 19వ శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ పేరు మీద స్థిరపడిన సూత్రం ఇది. ఓడల వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నారు. ఇళ్ల మధ్య గాలి అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి మబ్బులు నడిచే దిక్కు కూడా చూసుకోండి.

అయితే ఒక హద్దుంది. చీమకి మన వీధిలో పడబోయే వాన తెలుస్తుందేమో గానీ, ఖమ్మంలో మున్నేరు పొంగిందని తెలియదు. కార్తెల లెక్క పాత వానలకి సరిపోయింది. ఇప్పటి వాన మారింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ మోయగలదు. పుణె ట్రాపికల్ మెటియోరాలజీ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1950 నుంచి 2015 మధ్య మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి తీవ్ర వానలు మూడు రెట్లయ్యాయి. తాత అనుభవం పనికిరాదని కాదు. తాత అనుభవానికి మన ఫోన్ తోడు కావాలి.

అయిదు రోజులు, రెండు రోజులు, మూడు గంటలు

ఫోన్ ఎలా వాడాలి? అన్నీ ఒకేసారి చూస్తే బుర్ర తిరుగుతుంది. టైమ్‌ని బట్టి చూడండి.

అయిదు రోజుల ముందు: వాతావరణ శాఖ 'మౌసమ్' యాప్‌లోనో, సైట్‌లోనో బంగాళాఖాతం సంగతి. ఈ దశలో ఏ మండలంలో ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. చెప్పగలమనే యూట్యూబర్‌ని నమ్మకండి. పైన చెప్పిన మొదటి రెండు ప్రశ్నలకి మాత్రం జవాబు దొరుకుతుంది.

రెండు రోజుల ముందు: జిల్లా రంగు. పసుపు అంటే గమనిస్తూ ఉండు. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండు. ఎరుపు అంటే కదులు. 'భారీ వర్షం' అంటే 24 గంటల్లో సుమారు 6.5 సెంటీమీటర్ల నుంచి, 'అతి భారీ' అంటే 11.5 పైన, 'అత్యంత భారీ' అంటే 20 దాటి. టీవీలో మూడూ ఒకేలా వినిపిస్తాయి. కానీ మొదటిదానికీ మూడోదానికీ తేడా రోడ్డు మీద నీళ్లకీ మంచం మీద నీళ్లకీ ఉన్నంత.

మూడు గంటల ముందు: మచిలీపట్నం రాడార్ చిత్రం, వాతావరణ శాఖ ఇచ్చే నౌకాస్ట్. నదుల మట్టం కోసం కేంద్ర జల సంఘం వాళ్ల 'ఫ్లడ్‌వాచ్ ఇండియా' యాప్. మన రాష్ట్ర విపత్తుల సంస్థ నంబర్లు 1070, 112, 18004250101 సేవ్ చేసుకోండి. గట్టిగా మోగే ప్రభుత్వ అలర్ట్ మెసేజ్‌లు ఫోన్ సెట్టింగ్స్‌లో ఆఫ్ అయి ఉంటే ఆన్ చేయండి. అమ్మ ఫోన్‌లో కూడా.

ఫార్వర్డ్ చేసే ముందు తేదీ, టైమ్ చూడండి. 'బుడమేరుకి మళ్లీ గండి' అని పాత వీడియో ఒక్కటి చాలు, నాలుగు వార్డులు రోడ్డున పడటానికి. రెండుసార్లు అబద్ధం విన్నవాళ్లు మూడోసారి నిజమైనా కదలరు.

మెసేజ్ వచ్చేసరికి నీళ్లు వచ్చాయి

మనది వెనకబడిన దేశం కాబట్టి ఇలా అనుకునేవాళ్లకి ఒక సంగతి. 2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వాలెన్సియా ప్రాంతంలో చివా అనే ఊళ్లో 8 గంటల్లో 49 సెంటీమీటర్లు కురిసింది. వాళ్ల వాతావరణ సంస్థ పొద్దున్నే రెడ్ అలర్ట్ ఇచ్చింది. జనం ఫోన్లకి అత్యవసర మెసేజ్ మోగింది మాత్రం రాత్రి 8 దాటాక. అప్పటికే చాలామంది నీళ్లలో ఉన్నారు. పాయిపోర్తా అనే ఊళ్లో ఆ రోజు వానే సరిగ్గా పడలేదు, ఎగువ వాన వాగులో వచ్చి ముంచింది. మొత్తం 220 మందికి పైగా చనిపోయారు.

సూచన అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఆకాశం నుంచి ఆఫీసుదాకా సమాచారం వస్తోంది. ఆఫీసు నుంచి కింది వాటాలో ఒంటరిగా ఉండే మామ్మగారి దాకా రావడంలోనే గంటలు పోతున్నాయి. అధికారులు ఆ గంటలు తగ్గించాలి, అది అడగడం మన హక్కు. ఏ వాగు ఎంత పొంగితే ఏ వీధిలోకి ఎన్ని గంటల్లో వస్తుందో వార్డు సచివాలయం గోడ మీద రాసి ఉండాలని అడగండి. అదే సమయంలో ఆఖరి వంద గజాలు మాత్రం మనవే. ఏ యాప్‌కీ మీ వీధిలో ఎవరు నడవలేరో, ఎవరికి ఇన్సులిన్ కావాలో, ఎవరి ఇంట్లో బాలింత ఉందో తెలియదు. మీకు తెలుసు.

అందుకే ఈ వారం ఒక చిన్న పని. సింగ్‌నగర్ నుంచి చిట్టినగర్ దాకా చాలా ఇళ్ల గోడల మీద 2024 నీళ్లు వదిలిన గీత ఇంకా ఉంటుంది. రంగు వేసి చెరిపేసే ముందు ఒక టేపు పెట్టి నేల నుంచి ఎన్ని అడుగులో కొలవండి. ఫొటో తీసి వీధి గ్రూపులో పెట్టి, తేదీ రాయండి. మీ ఇంట్లోకి నీళ్లు రాకపోతే పక్క వీధిలో ఎవరి ఇంట్లోకి వచ్చాయో అడిగి రాయండి. ఆ కొలత కింద, కింది వాటాల్లో ఉండే పెద్దవాళ్ల పేర్లు, వాళ్లని మేడ మీదకి తీసుకెళ్లే బాధ్యత ఎవరిదో రాయండి.

ఈసారి బంగాళాఖాతంలో 'అరుదైన' అని వార్త వచ్చినప్పుడు మొదట తెరవాల్సింది ఆ లిస్టే.